ఖాళీ గిన్నె

సోదరీ, పక్కింటివాళ్ళ గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం మనకు నామోషీ కదా! మొన్న కొండవీడులో నేను జ్వరంతో మంచం పడితే, పక్కింటి వదిన నాలుగు రోజులు చారన్నం తెచ్చింది. నాలుగోనాటి నా బైబిలు పఠనం ఎఫెసీయులకు 2:8. రక్షణ మన పనులకు కూలి కాదు, కృపతో దేవుడిచ్చేది. నమ్మి అందుకోవడమే మన వంతు. కొండమీది రెడ్డిరాజుల నాటి చెరువులు వానను అందుకున్నట్టు! డేరాలు కుట్టి, సొంత కష్టంతో బతికిన పౌలు రాసిన మాట ఇది. పొద్దస్తమానం చాకిరీ చేసే మనకు ఇది ఓ పట్టాన మింగుడుపడదు.

నేనూ లేచి, గిన్నెలో గుప్పెడు పంచదారైనా వేద్దామని డబ్బా తీశాను. అడుగంటింది. సిగ్గుపడుతూ ఉత్త గిన్నే చాపాను.

"ఇటియ్యి వదినా, రేపు మళ్ళీ తేవాలిగా!" అంది.