ఒకటో తారీఖు డబ్బు ఎవరిది?

మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జులైలో 3,000 నుంచి 6,000 రూపాయలైంది. ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి చేతిలో పెడుతున్నారు. అరకు కొండల్లో కాలు కదపలేని ఆడమనిషికి ఇదేమీ చిన్న మేలు కాదు. కానీ నా అనుమానమల్లా ఒకటే: ఆ డబ్బు ఆమె చేతిలో ఎంతసేపు ఉంటుంది?

అక్కడ కాఫీ, మిరియాల డబ్బు ఏడాదికోసారి. వానాకాలంలో చేతిలో పైసా ఆడదు. ఉప్పూ నూనే సంత షావుకారు దగ్గర అరువే. పింఛనుంది కదా అని ఆయనా ధైర్యంగా ఇస్తాడు. ఏజెన్సీలో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదని 1960లోనే చట్టం వచ్చింది. అయినా ఖాతా పుస్తకం ఆయనది, లెక్కా ఆయనదే!

ఆ లెక్క మీ ఇంట్లోనూ ఉండాలంటాను. ఎవరికెంత బాకీ, వడ్డీ ఎంత... బడికెళ్లే పిల్లచేత నోటుపుస్తకంలో రాయించండి. పింఛను రాగానే మందులకీ, ఆస్పత్రికెళ్లే జీపు చార్జీలకీ తీసి పక్కన పెట్టాకే అప్పుల సంగతి. అందులోనూ వడ్డీ ఎక్కువున్నది ముందు, చుట్టాల చేబదులు తర్వాత. పెద్ద మొత్తం కావాలంటే డ్వాక్రా సంఘాన్ని అడగండి. వికలాంగురాలని సంఘంలో చేర్చుకోకపోతే, ఇదేం న్యాయమని నిలదీయండి.

ఇంట్లోవాళ్లకీ ఓ మాట. ఆ ఆరువేలూ కొడుకు బండి వాయిదాకి పోనివ్వకండి. ఓ రెండొందలైనా ఆమె కొంగున ఉండనివ్వండి. సంతలో ఏం తెప్పించుకుందో ఆరా తీయకండి.