కొట్టు మంచిదే... కొన్న ధరో?

పప్పులూ సబ్బులూ చౌకగా అమ్మడం... డీమార్ట్ వ్యాపారం ఇంతే. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయిలోని పొవాయ్‌లో తొలి దుకాణం తెరిచారు. చాలాచోట్ల భవనాలు సొంతానివే కాబట్టి అద్దె బెడద తక్కువ. సరుకు ఇచ్చినవారికి త్వరగా డబ్బు చెల్లించి ధర తగ్గించుకోవడం, ఆ తగ్గింపును కొనేవారికి అందించడం... అదే కిటుకు.

దీన్ని నడిపే ఎవెన్యూ సూపర్‌మార్ట్స్ 2017 మార్చిలో 299 రూపాయలకు షేర్లు జారీచేసింది. మార్కెట్లోకి వచ్చిన తొలిరోజే ధర రెట్టింపైంది. 2021 అక్టోబరులో 5,800 దాటింది. అప్పుడు ఎగబడి కొన్నవారి సంగతేంటి? 2021 మార్చిలో 234 ఉన్న దుకాణాలు 2024 మార్చికి 365 అయ్యాయి. లాభమూ పెరిగింది. షేరు మాత్రం 2024 చివరికి 4,000 లోపే!

తప్పు కంపెనీది కాదు, కొన్న ధరది. 5,800 పలికిన ఆ ఏడాది ఒక్కో షేరుకు సంస్థ సంపాదించింది పాతిక రూపాయల లోపే. అంటే, రాబోయే ఎన్నో ఏళ్ల ఎదుగుదలకు ముందే డబ్బు కట్టేసినట్లు.

సబ్బు కొనేటప్పుడు కూడా ధర చూసే అలవాటు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. షేరు కొనేటప్పుడూ అదే కావాలి.