వాల్వుకు కుట్లు లేవంటే కోత లేదని కాదు

ప్రశ్న: మా అత్తగారికి 73 ఏళ్లు. ఆరు నెలలుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మొన్న నీళ్ల బిందె ఎత్తబోయి కళ్లు తిరిగి పడిపోయారు. ఎకో తీసి, గుండెలో వాల్వు బాగా బిగుసుకుపోయింది, మార్చాలన్నారు. కుట్లు లేని వాల్వు కూడా ఉందట. కుట్లు లేకపోతే కోత కూడా ఉండదని ఆవిడ ఆశ. బంధువులేమో ఈ వయసులో ఆపరేషనెందుకు, మందులతో నెట్టుకు రండి అంటున్నారు. ఏం చెయ్యాలి? – ఒక కోడలు

జవాబు: ముందు అత్తగారికి నెమ్మదిగా నచ్చజెప్పండి. కుట్లు ఉండనిది వాల్వుకు మాత్రమే. ఛాతీకి కోత తప్పదు, కొందరికి చిన్న కోతతో సరిపెడతారు. గుండెను కాసేపు ఆపి, దాని పని యంత్రానికి అప్పగించడమూ తప్పదు.

గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం తీసుకుపోయే పెద్ద రక్తనాళం మొదట్లో మూడు రేకుల తలుపులాంటి అయోర్టిక్ వాల్వు ఉంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకున్నట్టే, వయసు మీదపడ్డాక కొందరికి ఈ రేకుల మీద కాల్షియం పేరుకుంటుంది. పాలూ పెరుగూ తిన్నందువల్ల వచ్చింది కాదిది, అవి మానేస్తే పోదు. దాన్ని కరిగించే మందూ లేదు. వాల్వు బాగా బిగుసుకుని, ఆయాసం, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం మొదలయ్యాక మార్చకుండా ఊరుకుంటే రెండేళ్లలో దాదాపు సగం మంది దక్కరు. అందుకని బంధువుల మాట విని వాయిదా వేయకండి.

మామూలు వాల్వునైతే చుట్టూ డజను, పదిహేను కుట్లు వేసి బిగిస్తారు. కుట్లు లేనిదానికి లోహపు చట్రం ఉంటుంది. ముడిచి లోపల పెడితే, విచ్చుకుని గోడకు తనంతట తానే పట్టుకుంటుంది. ఇలాంటివాటిలో పెర్సెవల్ అనే దాన్ని 2007లో మొదటిసారి మనిషికి అమర్చారు. దాని రేకులు ఆవు గుండెను కప్పి ఉండే పొరతో చేసినవి. ఆచారం పట్టింపు ఉంటే ఈ సంగతి అత్తగారికి ముందే చెప్పి, వేరే రకాల గురించి డాక్టరుతో మాట్లాడండి. తరవాత తెలిసి ఆవిడ బాధపడకూడదు.

ఇక ఫలితాలు. 12 దేశాల్లో 47 ఆసుపత్రులు కలిసి 910 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈ వాల్వు, రెండో జట్టుకు మామూలుగా కుట్టే వాల్వు అమర్చి చూశాయి. ఏడాది ఫలితాలు 2021లో ప్రచురించారు. గుండెకు రక్తం ఆపి ఉంచిన సమయం కుట్టే పద్ధతిలో సగటున 65 నిమిషాలైతే, దీనితో 48 నిమిషాలే పట్టింది. ఏడాది తిరిగేసరికి మాత్రం పెద్ద ప్రమాదాలేవీ లేకుండా ఉన్నవారు రెండు జట్లలోనూ నూటికి 92 మంది దాకా ఉన్నారు. అంటే నిమిషాలు కలిసొచ్చాయి గానీ, ఆయుష్షులో తేడా కనబడలేదు. వాల్వు పక్కనుంచి రక్తం కారడమూ రెండింటిలో ఒక్కలాగే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ వాల్వు వెనకబడింది. చట్రం ఒత్తిడికి, పక్కనే ఉండే గుండె కరెంటు దారి దెబ్బతినవచ్చు. అప్పుడు పేస్‌మేకర్ పెట్టాలి. ఏడాదిలో అలా పెట్టించుకున్నవారు ఈ జట్టులో నూటికి 11 మంది, కుట్టిన జట్టులో నలుగురికి లోపే. పేస్‌మేకర్ ఉన్నా మిక్సీ వాడుకోవచ్చు, ఇండక్షన్ స్టవ్‌కు మాత్రం రెండడుగుల దూరంలో ఉండాలి.

ఇంటికొచ్చాక ఎముక అతుక్కునేదాకా, అంటే రెండు మూడు నెలలు, బిందెలు, తడిబట్టల బకెట్లు ఎత్తనివ్వకండి. జ్వరం వచ్చినా, కోత దగ్గర చీము పట్టినా, గుండె దడగా ఉన్నా వెంటనే చూపించండి. పన్ను పీకించుకునే ముందు వాల్వు సంగతి పళ్ల డాక్టరుకు తప్పక చెప్పాలి. జంతువు పొరతో చేసిన వాల్వుకు రక్తం పలచబడే మందు సాధారణంగా జీవితాంతం అక్కర్లేదు. ఎన్నాళ్లో డాక్టరు చెబుతారు, మీ అంతట మీరు ఆపకండి.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని అడగండి. మా అత్తగారికి ఈ వాల్వే ఎందుకు? ఇక్కడ ఇలాంటివి ఎన్ని అమర్చారు? ఎంతమందికి పేస్‌మేకర్ పెట్టవలసి వచ్చింది? తొడ దగ్గరి రక్తనాళం గుండా వాల్వు పెట్టే పద్ధతి ఈవిడకు పనికొస్తుందా? ఛాతీ కొయ్యకూడదన్న ఆవిడ కోరిక తీరే దారి ఏదైనా ఉంటే, ఆ చివరి ప్రశ్నలోనే ఉంది.

ఏ వాల్వు అన్నది డాక్టర్లతో కూర్చుని తేల్చుకోవచ్చు. అసలు మార్చాలా వద్దా అన్నది మాత్రం ఆవిడ కళ్లు తిరిగి పడిపోయిన రోజే తేలిపోయింది. ఈ వారమే తీసుకెళ్లండి.