ఆకసపు చిల్లు – వాకిటి పొగ

ఓజోను అను వాయువు మన తలలపై పదునైదు మొదలు ముప్పదియైదు కిలోమీటర్ల ఎత్తువఱకు పలుచగా వ్యాపించి యున్నది. ఆ వాయువు నంతటిని ప్రోగుచేసి, సముద్రమట్టమునందలి పీడనమునకు తెచ్చి నేలపై పఱచినచో దాని మందము సుమారు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. గచ్చుమీద పోసిన నీరు కూడ ఒక్కొక్కచోట అంతకంటె లోతుగా నిలుచును. సూర్యుని అతినీలలోహిత కిరణములలో ప్రాణాంతకమైన భాగమును ఇంత పలుచని తెరయే అడ్డగించుచున్నది. అది చినిగినచో చర్మమునకు క్యాన్సరు, కంటికి శుక్లములు, పైరులకు చేటు, సముద్రమున చేపల కాహారమైన సూక్ష్మజీవులకు నాశము.

ఈ వాయువే నేలమట్టమున పుట్టినచో విషము. మోటారుబండ్ల పొగలోని నత్రజని ఆక్సైడులును, పెట్రోలు, రంగులు మున్నగువాని ఆవిరులును ఎండ తగిలినపుడు కలిసి ఓజోనును పుట్టించును. అది ఊపిరితిత్తులను ఒరయును, ఉబ్బసరోగిని మంచమెక్కించును, పంట దిగుబడిని తగ్గించును. ఉండవలసిన చోట దానిని తఱుగజేసి, ఉండరాని చోట పెంచిన ఘనత మానవునిదే.

ఇందు మొదటి కీడు మెల్లగా నయమగుచున్నది. రెండవది నయమగుట లేదు. ఒకే తరమువారు, ఒకే విజ్ఞానము చేతనుంచుకొని, ఆకాశమున గెలిచి వాకిట ఓడుటకు కారణమేమి? ప్రజల అజ్ఞానమే కారణమని వేదికలపై చెప్పుట పరిపాటి. ఆ మాట నాకు సమ్మతము కాదు. ఓజోను విషయమున లోకము రెండు పనులు చేసినది: గడువు నిర్ణయించినది, ఖర్చు ఎవరు భరింపవలెనో నిర్ణయించినది. నేలమీది పొగ విషయమున ఈ రెండును కలిపి చేయుట కెవ్వరును పూనుకొనలేదు.

ఆకాశపు కథ కొంత వివరముగా చెప్పదగినది. 1928 ప్రాంతమున అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అను రసాయనజ్ఞుడు రిఫ్రిజిరేటర్లలో వాడుటకు క్రొత్త వాయువును సిద్ధపఱచెను. అంతకుముందు వాడుచుండిన అమ్మోనియా, గంధక ద్విఆక్సైడులు కారినచో ఇంటివారి ప్రాణములకే ముప్పు. ఈ క్లోరోఫ్లోరోకార్బనులకు మంట లేదు, విషము లేదు. మిడ్జ్‌లీ నిండుసభలో ఆ వాయువును గుండెలనిండ పీల్చి, వెలుగుచున్న క్రొవ్వొత్తిపై ఊది ఆర్పి చూపెను. (పెట్రోలులో సీసము కలుపు విద్యను లోకమునకు నేర్పినవాడును ఆయనయే. మన దేశమున ఆ సీసము 2000వ సంవత్సరముదాక వదలలేదు. ఒక్క మనిషి చేతిమీదుగా గాలికి ఇంత అపకారము జరిగిన ఉదాహరణము మఱియొకటి చూపుట కష్టము.)

దేనితోను కలియని ఆ సాధుగుణమే కొంప ముంచినది. ఆ వాయువు నేలమీద చెడదు, వానకు కరుగదు. ఏండ్ల తరబడి నిలిచి మెల్లగా పైకి చేరి, అచ్చటి తీక్ష్ణకిరణముల తాకిడికి విడిపోయి క్లోరినును విడుచును. ఒక్క క్లోరిను పరమాణువు వేలకొలది ఓజోను అణువులను చీల్చగలదు. ఈ సంగతిని 1974లో మొలీనా, రోలండ్ అను శాస్త్రజ్ఞు లిరువురు ప్రకటించిరి. తయారీదారులు అది వట్టి ఊహయని కొట్టివేసిరి. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అను ఆంగ్లేయులు దక్షిణధ్రువ ఖండమున హేలీ అను మంచుస్థావరమునుండి ఏండ్ల తరబడి పాతకాలపు పరికరముతో తీసిన కొలతలను బయటపెట్టిరి. అచ్చటి వసంతమున, అనగా మన ఆశ్వయుజ కార్తికముల ప్రాంతమున, ఓజోను దారుణముగా పడిపోవుచున్నది. ఉపగ్రహమున కూడ ఆ కొఱత కనబడకపోలేదు. అంత తక్కువ అంకెలను యంత్రము అనుమానింపదగినవిగా గుర్తుపెట్టి యుంచినది. ప్రతిదినము పరికరము కడకు నడచిపోయి కొలత వ్రాసికొనిన మనుష్యుల పట్టుదలయే ముందుగా లోకమును నమ్మించినది.

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఒడంబడిక కుదిరెను. ఏ పదార్థమును ఏ సంవత్సరమునకు ఎంత తగ్గింపవలెనో అందు అంకెలతో వ్రాసిరి. పేదదేశములు ఊరక సంతకము పెట్టలేదు. గాలిని చెఱచినది మీరు, మా రిఫ్రిజిరేటర్ల ఖర్చు మేమెందుకు పెట్టుకొనవలెనని భారతదేశమును, చైనాయు గట్టిగా అడిగినవి. ఆ వాదములో న్యాయ మున్నది. 1990లో లండనులో ధనికదేశములు ఒక నిధి నేర్పఱచుటకు అంగీకరించినవి. 1992లో మన దేశము ఒడంబడికలో చేరినది. 2008 ఆగస్టునుండి, ఉబ్బసరోగుల పిచికారీ మందులకు తప్ప, ఇచ్చట ఆ పదార్థముల తయారీ నిలిచిపోయినది. ఇదే తీరున సాగినచో ధ్రువముపై ఓజోను 2066 ప్రాంతమునకు 1980 నాటి స్థితికి చేరునని శాస్త్రజ్ఞుల అంచనా.

దీనిని ధర్మబుద్ధి సాధించిన విజయముగా పొగడువారు మఱొక సంగతి తలచుకొనవలెను. తెల్లని చర్మము గలవారికే ఆ క్యాన్సరు భయము మెండు. ఆకాశమునకు పేదవాడ, ధనికవాడ అను భేదము లేదు గనుక ఏ శ్రీమంతుడును సొమ్ముపెట్టి వేఱొక ఓజోను పొరను కొనుక్కొనలేకపోయెను. నేలమీది గాలి అట్టిది కాదు. కలిగినవాడు కొండవాలున సముద్రమువైపు ఇల్లు కట్టుకొనగలడు. గదిలో గాలిని వడగట్టు యంత్రమును పెట్టుకొనగలడు. పొగగొట్టపు నీడను ఉండువాడు వేఱు, దానికి అనుమతి వ్రాయువాడు వేఱు.

విశాఖపట్టణమును చూడుడు. ఒకవైపు కైలాసగిరి వరుస, మఱొకవైపు యారాడ కొండ, నడుమ గిన్నెవంటి పల్లము. ఆ గిన్నెలోనే ఓడరేవు, చమురుశుద్ధి కర్మాగారము, ఎఱువుల ఫ్యాక్టరీ. రేవు 1933లో తెఱచిరి; చమురుశుద్ధి 1957లో మొదలయ్యెను. పగలు సముద్రపుగాలి పొగను ఊరిమీదికి త్రోయును, కొండలు దానిని పోనీయవు. శీతకాలపు తెల్లవాఱుజామున నేలనంటిన చల్లగాలిపై వెచ్చనిగాలి మూతవలె కూర్చుండును. ఇట్టి చోట పొగగొట్టములను గుంపుగా నిలిపినవారికి ప్రకృతిని నిందించు హక్కు లేదు. పాతపట్టణమున ఆరవేసిన పంచెలపై బొగ్గుధూళి, ఇనుపఖనిజపు ఎఱ్ఱధూళి పడుట ఎన్నాళ్ళనుండియో వినవచ్చు గోడు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ పట్టణమును తీవ్రముగా కలుషితమైన ప్రాంతములలో చేర్చెను. 2010లో క్రొత్త పరిశ్రమలకు అనుమతులు కొంతకాలము నిలిపిరి. ఉన్నవానికి మాత్రము గడువు పెట్టి లెక్క అడిగినవారు లేరు.

2020 మే 7 తెల్లవాఱుజామున ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి పండ్రెండుగురు మరణించిరి. నిద్రలేచి పరుగెత్తినవారు త్రోవలోనే కూలిరి. అపాయ సూచకమైన సైరను మ్రోగలేదని తరువాత ప్రభుత్వ విచారణ సంఘమే తేల్చినది. ఇది ఒక్కనాటి ఘోరము గనుక లోకము కన్ను తెఱచి చూచెను; దినదినము ముక్కుపుటములలో చేరు సన్నని ధూళికి విచారణ సంఘము లుండవు.

చట్టము లేదా అనగా ఉన్నది. 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టమున్నది. 2019లో ఆరంభమైన జాతీయ శుభ్రవాయు కార్యక్రమమున్నది. విశాఖ, విజయవాడ, హైదరాబాదు ఆ జాబితాలోనివే. గడువు కూడ కలదుకదా యని చదువరు లడుగవచ్చును. నిజమే. మొదట 2024 అనిరి, పిదప 2026 అనిరి. కాని గడువు తప్పినవాని చేత ఏమి కట్టించెదరో స్పష్టముగ చెప్పలేదు. 2024లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారము ఆ కార్యక్రమపు సొమ్ములో మూడింట రెండు పాళ్ళకు దగ్గరగా రోడ్లపై దుమ్ము నణచుటకే వ్యయమైనది. పరిశ్రమల పొగకు నూటికి ఒక్క రూపాయి కూడ కాలేదు. నీళ్ళబండి వీధిలో తిరిగినచో కంటికి కనబడును. పొగగొట్టమువానితో తగవు పెట్టుకొననక్కఱ లేదు. మఱి కొలబద్ద సంగతి? సన్నని ధూళి ఘనమీటరుకు సంవత్సరపు సగటున అయిదు మైక్రోగ్రాములకు మించరాదని 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. మన ప్రమాణము నలుబది.

వంటింటి పొగను మఱచుట అన్యాయము. 1999లో ఆంధ్రప్రదేశమున దీపము పథకమును, 2016లో కేంద్రపు ఉజ్జ్వల పథకమును గ్యాసుపొయ్యిని పేదయింటికి తెచ్చినవి. స్త్రీల కన్నులకు, ఊపిరికి అది గొప్ప ఉపకారము. కాని రెండవ సిలిండరు ధరకు జడిసి మరల కట్టెలు రాజవేయు ఇండ్లు కొల్లలు. ఇచ్చటను ఖర్చు ప్రశ్నయే అడ్డము వచ్చుచున్నది.

చేయవలసినది గొప్ప రహస్య మేమియు కాదు. రేవులో బొగ్గును ఖనిజమును కప్పులేని గుట్టలుగా పోయుట మానవలెను. మూసిన పట్టీలమీదనే తరలింపవలెను. ప్రతి కర్మాగారమును తన గొట్టపు పొగను ఏ సంవత్సరమునకు ఎంత తగ్గించునో అంకెలతో ఒప్పుకొని, అందుకు తగిన సొమ్ము ముందుగా ప్రభుత్వము కడ కట్టవలెను. మాట నిలుపుకొన్నచో తిరిగి తీసికొనును, తప్పినచో ఆ సొమ్ము చుట్టుపట్ల ఆసుపత్రులకు పోవును. గాలిని కొలుచు యంత్రములు చెప్పు అంకె నేడు కంప్యూటరు తెఱచి వెదకువారికే దొరకుచున్నది. దానిని పూర్ణా మార్కెటు వద్ద, కంచరపాలెము మెట్టు వద్ద, సినిమా ప్రకటన యంత పెద్ద అక్షరములతో తెలుగున నిలుపవలెను. ఏ కర్మాగారము ఏ తేదీకి ఏమి చేసెదనని ఒప్పుకొన్నదో అదియు ఆ అంకె ప్రక్కనే వ్రాయవలెను.