రెండు సున్నల చాటున దాగిన విషం

ఖరగ్‌పూర్ స్టేషనులో దిగిన ప్రయాణికునికి మొట్టమొదట కనబడేది పసుపు పచ్చని పలకపై నల్లని అక్షరాలతో నిలిచిన ఊరి పేరు. ఆ పసుపును చూడని రైల్వే ఉద్యోగి లేడు. అయితే అటువంటి పసుపు రంగులు ఏ పదార్థంతో తయారవుతాయో, ఆ పదార్థం రేవులలో ఏ పేరుతో దిగుతుందో, దానిని పూసే చేతులకు ఏమవుతుందో అడిగినవారు బహు కొద్దిమంది. ఆ ప్రశ్నను ఈనాడు మన సంఘాలు అడగవలసి ఉన్నది.

ప్రపంచమంతటా తరతరాలుగా వాడుకలో ఉన్న 'క్రోమ్ యెల్లో' అంటే లెడ్ క్రోమేట్. అందులో రెండు విషాలున్నాయి: ఒకటి సీసం, రెండవది ఆరవ సంయోజకతలోని క్రోమియం. ఇనుము తుప్పు పట్టకుండా పూసే ప్రైమర్లలో చిరకాలంగా వాడుతూ వచ్చిన జింక్ క్రోమేట్ కూడా ఈ కోవలోనిదే. రెడ్ ఆక్సైడ్ జింక్ క్రోమ్ ప్రైమరును ఎరుగని పెయింటరు ఏ కార్ఖానాలోనూ ఉండడు. ఆరవ సంయోజకత క్రోమియం సమ్మేళనాలు మానవులకు క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1990లోనే నిర్ధారించింది. క్రోమ్ పుండ్లను, సీసపు విషాన్ని ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చేర్చింది. కాగా ఆకుపచ్చని క్రోమియం ఆక్సైడు మూడవ సంయోజకతకు చెందినది. దానికి ఈ అపకీర్తి లేదు. కనుక మన తగాదా రంగుతోనూ కాదు, క్రోమియంతోనూ కాదు. విషాన్నీ విషం కానిదాన్నీ ఒకే మూటలో కట్టే విధానంతోనే మన తగాదా.

ఆ మూట కట్టింది ఎవరు? సుంకాల పట్టిక. 1983లో బ్రస్సెల్స్‌లో కుదిరి, 1988 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన 'హార్మోనైజ్డ్ సిస్టమ్' అనే అంతర్జాతీయ వర్గీకరణ ప్రతి సరకుకూ ఆరు అంకెల సంఖ్య కేటాయించింది. గనిలోని క్రోమైట్ ఖనిజానికి 2610 అనే శీర్షిక ఉన్నది. క్రోమియం ట్రయాక్సైడుకు 2819.10, సోడియం డైక్రోమేటుకు 2841.30. రంగుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం 'క్రోమియం సమ్మేళనాలు ఆధారమైన వర్ణకాలు' అన్నింటికీ కలిపి ఒకే సంఖ్య: 3206.20. సీసం కలిసిన పసుపుకూ ఇదే, క్రోమియం ఆక్సైడును ఇతర పదార్థాలతో కలిపి చేసిన ఆకుపచ్చకూ ఇదే! మన దేశం ఆ ఆరంకెలకు తన వంతుగా మరి రెండంకెలు చేర్చుకుంటుంది. ఇక్కడ చేర్చినవి రెండు సున్నలు: 3206 20 00. విభజన లేదని ఆ సున్నల అర్థం. అందువల్ల ఆ సంఖ్య కింద ఎన్ని టన్నులు దిగుమతి అయ్యాయో లెక్క చెప్పవచ్చు గాని, అందులో సీసపు క్రోమేట్ ఎంతో ఆ లెక్క చెప్పదు.

ఇది కేవలం అజాగ్రత్త అని సరిపెట్టుకొనగలమా? విడి రసాయనంగా వచ్చే 'జింకు లేక సీసపు క్రోమేట్ల'కు అదే గ్రంథంలో ఒకప్పుడు 2841.20 అనే ప్రత్యేక సంఖ్య ఉండేది. 2007 కూర్పులో దానిని తీసివేసి 'ఇతర క్రోమేట్ల'లో కలిపివేశారు. వర్తకం పలచబడిన సరకుల సంఖ్యలను తొలగించడం ఆ గ్రంథ నిర్మాతల రివాజు. వారి త్రాసులో తూగేది వర్తక పరిమాణం. కార్మికుని ఊపిరితిత్తి కాదు. అయితే అదే 2007 కూర్పులో క్రోసిడోలైట్ అనే నీలి ఆస్బెస్టాసుకు 2524.10 అనే ప్రత్యేక సంఖ్య ఇచ్చారు. అనగా తలచుకుంటే విషాన్ని వేరుచేసి చూపగలరు. తలచుకోవడమే లోపించింది.

'సంఖ్య మార్చినంత మాత్రాన విషం పోతుందా? సుంకాల శాఖ పని పన్ను వసూలు. ఆరోగ్యం వేరే శాఖ పని' అని మనకు ఉపదేశించేవారున్నారు. సంఖ్య విషాన్ని విరవదు, నిజమే. కాని లెక్కలో లేని సరకుకు పగ్గం వేసే చట్టం లేదు. యూరపులో ఏమి జరిగిందో చూడండి. అక్కడ సీసపు క్రోమేట్ వర్ణకాలను పేరు పేరునా జాబితాలో చేర్చి, 2015 మే 21 తరువాత ప్రత్యేకానుమతి లేనిదే వాడరాదన్నారు. 2016లో యూరోపియన్ కమిషన్ ఒక కంపెనీకి అనుమతి ఇవ్వగా స్వీడన్ దేశం కోర్టుకెక్కింది. 2019లో కోర్టు ఆ అనుమతిని రద్దు చేసింది. 2021లో పై కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. విషానికి తన పేరు తనకు ఉన్నందువల్లనే ఆ వ్యాజ్యం నడిచింది. అక్కడ తలుపు మూసుకున్న సరకు తన పేరు అడగని రేవును వెతుక్కుంటుంది. లాభం నడిచే దారి అదే.

మన దేశంలో 2016 నాటి నియమాలు రంగులలో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేశాయి. 2017 నవంబరు 1 నుండి అవి అమలులో ఉన్నాయి. మంచిదే. కాని అవి గృహోపయోగ, అలంకరణ రంగులకు మాత్రమే! క్వార్టరు గోడకు వేసే రంగునుండి బిడ్డకు రక్షణ ఉన్నది. వ్యాగనుకు వేసే పారిశ్రామిక రంగునుండి తండ్రికి లేదు. ఈ వివక్ష కొత్తది కాదు. 1921లో జెనీవాలో తెల్లసీసంపై చేసిన అంతర్జాతీయ కార్మిక ఒడంబడిక భవనాల లోపలి రంగులలో దానిని నిషేధిస్తూనే, రైల్వే స్టేషన్లకూ పారిశ్రామిక సంస్థలకూ మినహాయింపు ఇవ్వవచ్చునన్నది. అయితే ఆ మినహాయింపుకు ముందు కార్మిక సంఘాలను సంప్రదించవలెనని కూడా అదే ఒడంబడిక శాసించింది. నూరేళ్ల తరువాత మినహాయింపు మిగిలింది, సంప్రదింపు మాయమైంది.

తపాలా సోదరులారా, ఇది రైల్వేవారి గొడవ మాత్రమే అనుకోవద్దు. విదేశీ పార్సిళ్లతో వెళ్లే సి.ఎన్. 22, సి.ఎన్. 23 పత్రాలలో వర్తక సరకుకు ఈ సుంకపు సంఖ్యే రాస్తారు. వివరం గడిలో 'రంగుపొడి' అని మాత్రమే రాసి పంపితే, కౌంటరులోని గుమాస్తాకూ సంచి మోసే కార్మికునికీ లోపల ఏమున్నదో ఆ ఆరంకెలూ చెప్పవు.

కాబట్టి మన డిమాండ్లు ఇవి:

ఒకటి: 3206 20 00 ను విభజించి, సీసపు క్రోమేట్ ఉన్నవాటికి, ఆరవ సంయోజకత క్రోమియం గల ఇతర వర్ణకాలకు, మూడవ సంయోజకత వర్ణకాలకు వేర్వేరు సంఖ్యలివ్వాలి. చివరి రెండంకెలు మన పార్లమెంటు చేతిలోనివే. బ్రస్సెల్స్ అనుమతి అవసరం లేదు, 2028లో రానున్న కొత్త కూర్పు కోసం నిరీక్షించనవసరమూ లేదు.

రెండు: సీసపు పరిమితిని పారిశ్రామిక రంగులకు కూడా వర్తింపజేయాలి. రైల్వే టెండర్లలో సీసం, ఆరవ సంయోజకత క్రోమియం లేని రంగులనే కోరాలి.

మూడు: ప్రతి డబ్బాపై కార్మికుడు చదవగల భాషలో అందులోని పదార్థాల పేర్లు ఉండాలి. కాంట్రాక్టు పెయింటర్లతో సహా అందరికీ క్రమబద్ధమైన వైద్య పరీక్షలు జరగాలి.

నాలుగు: ఈ విషయాలన్నింటిలో గుర్తింపు పొందిన సంఘాలను సంప్రదించాలి.

1927లో ఉద్యోగాల కోతకు ఎదురునిలిచి ఖరగ్‌పూర్ కార్ఖానా కార్మికులు లాకౌటును భరించారు. ఆనాడు బి.ఎన్.ఆర్. కార్మికులకు నాయకత్వం వహించినవారిలో వి.వి. గిరి ఒకరు. శ్రీకాకుళం, విశాఖ మండలాల నుండి పొట్ట చేతబట్టుకొని ఈ ఊరు చేరిన మన తాతలు యాజమాన్యపు జాబితాలో తమ పేర్లు నిలుపుకొనడానికి పోరాడారు. తమ ప్రాణాలు తీసే పదార్థం పేరు ప్రభుత్వపు జాబితాకు ఎక్కించడానికి వారి మనుమలు పోరాడలేరా? ప్రతి బ్రాంచీ తన తదుపరి సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగు డిమాండ్లపై తీర్మానం చేసి కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము.

విషానికి పేరు పెట్టండి! కార్మికునికి ఆయువు పోయండి!