లాటరీ చీటీ కొన్న ఇంటికి బియ్యం ఆపుదామా?



మూడో విడత బియ్యం, సరుకుల పంపిణీకి జాబితా తయారవుతోంది. ఈ వారం మన గ్రూపులో ఒక ప్రతిపాదన వచ్చింది. లాటరీ ఆడే ఇళ్ల పేర్లు జాబితాలోంచి తీసేయాలట. మనం చందాలు పోగుచేసి బియ్యం ఇస్తుంటే, అలా మిగిలిన డబ్బుతో వాళ్లు చీటీలు కొంటున్నారట. చాలామంది దీనికి సరే అన్నారు. మేము కొందరం మాత్రం ఒప్పుకోలేకపోతున్నాం. ఆదివారం సమావేశానికి ముందే మా కారణాలు చెప్పాలని ఇది రాస్తున్నాం. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. లాటరీ మంచిదని మేము అనడం లేదు. లెక్క చూస్తే ఎవరూ అనలేరు. కేరళ వారపు టికెట్ 2020 మార్చిలో 30 రూపాయల నుంచి 40 అయింది. అదే నెల నుంచి లాటరీల మీద జీఎస్టీ దేశమంతా 28 శాతం అయింది. అంటే ఆ 40లో 8 రూపాయల 75 పైసలు పన్నుకే పోయేది. 12 సిరీస్‌లు, ఒక్కో సిరీస్‌లో 9 లక్షల నంబర్లు, మొత్తం 1 కోటి 8 లక్షల టికెట్లు ఉండేవి. వాటిలో మొదటి బహుమతి ఒక్కటే. రోజుకో టికెట్ చొప్పున ఆ సంఖ్యంతా కొనాలంటే 29 వేల ఏళ్లు దాటుతుంది. అప్పట్లో ఆ బహుమతి తగిలినా 70, 80 లక్షలూ చేతికి వచ్చేవి కావు. ఏజెంటు కమీషను, 30 శాతం ఆదాయపు పన్ను పోను మిగిలిందే మనది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈ టికెట్ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

మరి ఈ లెక్క ఆడేవాళ్లకు తెలియదా? కోటి సంగతి తెలియకపోయినా, రాదని తెలుసు. అయినా ఎందుకు కొంటున్నారు? ఈ ప్రశ్న అడగకుండా పేర్లు కొట్టేస్తే మనం చేసేది సాయం కాదు, తీర్పు.

మన కోయంబత్తూరు సంగతే చూడండి. 2020లో ఫౌండ్రీలు, మోటారు పంపుల వర్క్‌షాపులు నెలల తరబడి మూతపడ్డాయి. తిరుప్పూరు బనియను కంపెనీలదీ అదే కథ. కాస్త తేరుకున్నాం అనుకునేలోగా 2021 మే నెలలో రెండో అల వచ్చింది. రోజువారీ కేసుల్లో మన జిల్లా చెన్నైనే దాటిపోయింది. ప్రభుత్వం బియ్యం కార్డుదారులకు మేలో 2,000, జూన్‌లో 2,000 ఇచ్చింది. ఆ సాయం చిన్నదని మేము అనం. ఆ డబ్బుతో పొయ్యి వెలిగింది. కానీ ఆరు నెలల ఇంటద్దె బాకీ, ప్రైవేటు ఆసుపత్రిలో లక్షల బిల్లు, కుదువలో ఉన్న మంగళసూత్రం, ఇవి ఏవీ దానితో తీరేవి కావు.

లాటరీ బలం ఇక్కడే ఉంది. అవసరం లక్షల్లో, చేతిలో ఉన్నది పదుల్లో. లేత్ పని మళ్లీ దొరికినా రోజుకూలితో ఆ బాకీ ఏ ఏడాదికి తీరుతుంది? బ్యాంకుకు పోతే జీతం చీటీ అడుగుతారు. బంధువులను అడుగుదామంటే వాళ్లూ అదే అవస్థలో ఉన్నారు. మిగిలింది మీటరు వడ్డీ వాడు. ఇన్ని తలుపులు మూసుకున్నాక, కొద్ది రూపాయలు పుచ్చుకుని లక్షల మాట మాట్లాడేది ఆ చీటీ ఒక్కటే. అబద్ధమే మాట్లాడుతుంది. కానీ మిగతావాళ్లు ఆ మాటైనా మాట్లాడడం లేదు. మునిగేవాడు గడ్డిపోచ పట్టుకుంటే ఈత రాదని నవ్వడం మనకు తగునా?

ఇంకో సంగతి. ఈ అలవాటు వాళ్లు తెచ్చుకున్నది కాదు. 1968లో అన్నాదురై గారి ప్రభుత్వమే తమిళనాడులో లాటరీ మొదలుపెట్టింది. 2003లో నిషేధించే దాకా మన తాతలు, నాన్నలు బస్టాండుల్లో బహిరంగంగా కొన్నారు. అదే 2003లో కందువడ్డీ మీద కూడా చట్టం వచ్చింది. రెండూ చట్టం ప్రకారం నేరాలే, రెండూ మన వీధుల్లోంచి పోలేదు. ఒకదానికొకటి తోడు. వడ్డీ కట్టడానికి చీటీ కొంటారు, చీటీలో పోయింది పూడ్చడానికి మళ్లీ వడ్డీకి తెస్తారు.

కేరళ లాటరీతో పేదలకు వైద్యం అందుతుంది కదా అని కొందరు అన్నారు. నిజమే. కారుణ్య లాటరీ డబ్బుతో అక్కడ క్యాన్సరు, గుండె, కిడ్నీ రోగులకు సాయం చేశారు. కాళ్లు లేనివాళ్లు, చూపు లేనివాళ్లు ఎందరో టికెట్లు అమ్మి బతుకుతున్నారు. కానీ మన వీధుల్లో ఎక్కువగా నడుస్తున్నది ఆ టికెట్ కాదు. ఈ-పాస్ లేనిదే వాళయార్ దాటలేని రోజుల్లో ఇక్కడ పెరిగింది మూడు నంబర్ల చీటీ. కేరళ డ్రాలో వచ్చే చివరి మూడంకెల మీద పందెం. గెలుపు వెయ్యిలో ఒకటి. దానికి పన్నూ లేదు, రసీదూ లేదు, దానివల్ల ఏ రోగికీ మందూ రాదు. వాట్సాప్‌లో నంబరు, ఫోన్‌లోనే డబ్బు. 2019 డిసెంబరులో విల్లుపురంలో ఈ మూడు నంబర్లు ఒక కుటుంబాన్ని ఎక్కడికి తెచ్చాయో మనమంతా పేపర్లో చదివాం.

ఇక మనవైపు చూసుకుందాం. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని కొత్తగా డీమ్యాట్ ఖాతా తెరిచి రోజువారీ ట్రేడింగ్ చేసినవాళ్లు మన సభ్యుల్లో లేరా? ఫోన్‌లో రమ్మీ ఆడి పోగొట్టుకున్న పిల్లలు మన ఇళ్లలో లేరా? వాళ్ల పేర్లు ఏ జాబితాలోంచీ ఎవరూ తీయమనలేదు. ఎందుకంటే వాళ్లు జాబితాలోనే లేరు, చందా ఇచ్చేవాళ్లలో ఉన్నారు. ఉన్నవాడు ఆడితే పెట్టుబడి, లేనివాడు ఆడితే జూదం అనే నియమం మన సంఘం పెట్టకూడదు.

పైగా ఎవరు ఆడుతున్నారో తేల్చేదెవరు? ఇంటింటికీ పోయి ఆరా తీద్దామా? పక్కింటివాళ్ల మాట నమ్మి పేరు కొట్టేద్దామా? అలా కొట్టేస్తే ఆకలితో ఉండేది ఆడినవాడు కాదు, అతని భార్యాబిడ్డలు. మగవాడి తప్పుకు పిల్లల కంచం లాక్కోవడం ఏ పద్ధతి? తరాల క్రితం ఊరుగాని ఊరు వచ్చి మనవాళ్లు నిలదొక్కుకున్నది ఒకరి చేయి ఒకరు పట్టుకునే. చేయి అందించే ముందు గుణగణాల పట్టీ అడిగి ఉంటే మనలో ఎందరం మిగిలేవాళ్లం?

విమర్శించి ఊరుకుంటే సరిపోదు కనుక మా ప్రతిపాదనలు కూడా చెబుతున్నాం.

ఒకటి, జాబితాలోంచి ఎవరి పేరూ తీయవద్దు. సరుకులు మాత్రం ఇంటి ఆడవాళ్ల చేతికే ఇద్దాం. నగదు సాయం ఉంటే నేరుగా అద్దెకో, ఫీజుకో, మందుల షాపుకో కడదాం.

రెండు, ఈ ఏడాది ఉగాది వేడుకలు జరగక మిగిలిన డబ్బుతో చేబదుళ్ల నిధి పెడదాం. ఇంటికి 5,000 దాకా, వడ్డీ లేకుండా, పది నెలల్లో తీర్చేలా. లక్షల బాకీ దీనితో తీరదు. కానీ మీటరు వడ్డీ వాడి గుమ్మం తొక్కకుండా ఒక నెల గడుస్తుంది. రోజుకు 40 చొప్పున నెలకు 1,200 చీటీలకు పోసేవాడికి, అందులో 500 చొప్పున కడితే అప్పు తీరిపోతుందని పక్కన కూర్చుని లెక్క చూపిద్దాం. సిగ్గుపరిచి చెబితే వినడు, అప్పు ఇచ్చినవాడు చెబితే వింటాడు.

మూడు, కోపం చూపాల్సింది కొనేవాడి మీద కాదు, అమ్మేవాడి మీద. మన వీధిలో మూడు నంబర్ల చీటీ ఎవరు రాస్తున్నారో మనకు తెలుసు. ఒక్కరు చెబితే భయం. సంఘం తరఫున పదిమంది సంతకాలతో పోలీసు స్టేషనులో కాగితం ఇస్తే భయం ఉండదు. మా సంతకాలు సిద్ధంగా ఉన్నాయి.

ఆదివారం ఉదయం పది గంటలకు జూమ్‌లో కలుస్తున్నాం. మాతో ఏకీభవించనివాళ్లు తప్పకుండా రండి, మీ మాట వింటాం. కానీ ఒక పేరు కొట్టేసే ముందు ఆ ఇంట్లో ఎందరు తినేవాళ్లున్నారో ఆ సంఖ్య కూడా చదివి, అప్పుడు చేయి ఎత్తండి.