వింటేజ్ ఇంజన్ల పునరుద్ధరణ: నిబంధనలో స్పష్టత అవసరం

యాభై ఏళ్లు దాటిన మోటారు వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ కల్పిస్తూ కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. పాత వాహనాలను తుక్కు చేసే విధానాన్ని ప్రకటించిన సంవత్సరంలోనే, కాపాడదగిన వాటికి ఇటువంటి గుర్తింపునివ్వడం హర్షించదగిన పరిణామమే. 'వి.ఎ.' అక్షరాలతో నంబరు ప్లేటు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయల రుసుము, పదేళ్ల చెల్లుబాటు, ప్రదర్శనలు, ర్యాలీలు వంటి అవసరాలకు తప్ప రోజువారీ వాడకం కూడదన్న షరతు - వీటిలో ఆక్షేపించవలసినదేమీ లేదు. చిక్కంతా అర్హతను నిర్వచించిన తీరులో ఉన్నది.

వాహనం తన అసలు రూపంలోనే ఉండాలని, ఛాసీలో గాని, బాడీలో గాని, ఇంజన్‌లో గాని మార్పులతో కూడిన భారీ మరమ్మతు జరిగి ఉండరాదని ఆ నిర్వచనం చెబుతున్నది. ఉద్దేశం సబబైనదే. పాత కారులో వేరే డీజిల్ ఇంజన్ బిగించి వింటేజ్ హోదా పొందజూసేవారిని నిలువరించవలసిందే. అయితే అరిగిపోయిన అసలు ఇంజన్‌నే విప్పి, బాగుచేసి, తిరిగి నడిపించడం 'మార్పు' కిందికి వస్తుందా, రాదా అన్నది తేలవలసిన ప్రశ్న.

బ్రిటన్‌లోని ఆబింగ్డన్‌లో 1955 నుంచి 1962 వరకు తయారైన ఎమ్.జి.ఎ. స్పోర్ట్స్ కారును ఉదాహరణగా తీసుకుందాం. దాని తొలి నమూనాలోని 1489 సి.సి. ఇంజన్ మనకు అపరిచితమైనది కాదు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ 'బి-సిరీస్'కు చెందిన ఆ ఇంజన్ కుటుంబమే పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడర్‌ను దశాబ్దాల పాటు నడిపించింది. స్పోర్ట్స్ కారుకు రెండు కార్బ్యురేటర్లు, అంబాసిడర్‌కు ఒకటి. శక్తిలో తేడా ఉన్నా మూలం ఒక్కటే. మంత్రుల కార్లను, టాక్సీలను బాగుచేసిన మన మెకానిక్‌లకు ఈ స్పోర్ట్స్ కారు ఇంజన్ గుట్టు తెలియడానికి కారణమదే. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఆ పని తెలిసినవారి సంఖ్య ఇక తగ్గేదే గాని పెరిగేది కాదు.

వారు చేసే పని ఏమిటో కూడా గమనించాలి. దీర్ఘకాలం నడిచిన ఇంజన్‌లో సిలిండర్ గోడలు పైభాగాన ఎక్కువగా అరిగి గుండ్రదనం కోల్పోతాయి. వాటిని మళ్లీ బోరింగ్ చేసి, ఆ మేరకు పెద్ద సైజు పిస్టన్లు, రింగులు వేయాలి. క్రాంక్‌షాఫ్ట్‌ను గ్రైండ్ చేస్తే అందుకు తగిన బేరింగులు అమర్చాలి. ఇవన్నీ తయారీదారే ముందుగా అనుమతించిన కొలతల పరిధిలోనివి. కూర్చిన ఇంజన్‌ను వెంటనే స్టార్ట్ చేయరు. స్పార్క్ ప్లగ్గులు తీసివేసి, గేజిలో ఆయిల్ పీడనం కనిపించేదాకా తిప్పి, ఆ తరువాతనే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తారు. ఆయిల్ అందక ముందే తొందరపడితే కొత్త బేరింగులు కొద్ది క్షణాలలోనే దెబ్బతినవచ్చు. ఇంత జాగ్రత్తతో చేసే పనిలో కారు అసలు రూపాన్ని చెరిపేది ఏదీ లేదు. ఆ పని చేయకపోతే మిగిలేది నీలిపొగ చిమ్ముతూ ఆయిల్ తాగే కారు, లేదా షెడ్డులోనుంచి కదలని కారు.

ఇంధన విషయం మరింత గమనార్హం. దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ప్రజారోగ్య దృష్ట్యా అది సరైన నిర్ణయం. కాని సీసమే రక్షణగా ఉండిన పాత ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు త్వరగా అరిగే ప్రమాదమున్నందున గట్టి లోహపు సీట్లు వేయించవలసి వస్తున్నది. పెట్రోలులో ఇథనాల్ వాటా 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ పాతకాలపు రబ్బరు గొట్టాలను, సీళ్లను పాడుచేస్తుంది. విధాన నిర్ణయాలతో ఇంధనాన్ని మార్చిన ప్రభుత్వమే, దానికి తగినట్లు ఇంజన్‌ను సరిదిద్దుకున్న యజమానిని తప్పుపట్టడం న్యాయం కాదు.

దరఖాస్తులను పరిశీలించే బాధ్యత రాష్ట్రాల కమిటీలది. మరమ్మతుకు, మార్పుకు మధ్య గీత ఎక్కడ ఉన్నదో చెప్పకపోతే ఒక రాష్ట్రంలో చెల్లిన ఇంజన్ మరో రాష్ట్రంలో చెల్లకపోవచ్చు. నిజాయితీగా బాగుచేయించినవాడు వివరాలు దాచిపెట్టే దుస్థితి రావచ్చు. అందువల్ల అసలు ఇంజన్‌ను తయారీదారు కొలతల మేరకు పునరుద్ధరించడం భారీ మరమ్మతు కాదని నిబంధనలో స్పష్టంగా చేర్చాలి. మారిన ఇంధనానికి అవసరమైన విడిభాగాలను ప్రత్యేకంగా పేర్కొని అనుమతించాలి. ఇందుకు ప్రతిగా, బోరింగ్‌కు ముందు, తరువాత తీసిన కొలతలను, మార్చిన భాగాల జాబితాను యజమాని కమిటీకి సమర్పించాలన్న షరతు విధించవచ్చు. అప్పుడు మోసానికి తావుండదు, మంచి పనితనం దాచుకోవలసిన అవసరమూ ఉండదు. ఖజానాకు దాదాపు ఖర్చు లేని ఈ సవరణను కేంద్ర రవాణా శాఖ జాప్యం లేకుండా చేపట్టడం సమంజసం.